రెండో బహుమతి అరబస్తా బియ్యం

చదరంగం పోటీలో బహుమతి ఎవరికివ్వాలో తేల్చడం కన్నా పెళ్లి పందిట్లో మొదటి బంతికి ఎవరిని పిలవాలో తేల్చడం సులువు. భోజనం దగ్గర అలిగినవాణ్ణి బతిమాలి, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెడితే నాలుగు ముద్దలు లోపలికి పోగానే చల్లబడతాడు. చదరంగం దగ్గర మనసు కష్టపడ్డవాడు అట్లా చల్లబడడు. ఇంటికి పోయి పడుకున్నా లోపల ఆడుతూనే ఉంటాడు. ఈ సంగతి తెలియకముందే నేను మా ఊళ్లో ఒక పోటీ పెట్టాను. రూల్సు నేనే రాశాను, లెక్క నేనే కట్టాను, గెలిచినవాళ్ల జాబితా నేనే చదివాను. తప్పు కూడా నాదే.

అరవైల మొదట్లో మాట. మా ఊరు బుచ్చిరెడ్డిపాలేనికి తూర్పున, సముద్రానికి పోయే దారిలో ఉంటుంది. అక్కడి హైస్కూల్లో నేను లెక్కల అయ్యవారిని. ముక్కు మీద కోపం, చేతిలో సుద్దముక్క, నాకు తెలియని లెక్క లేదన్న ధీమా. ఈ మూడింట్లో పిల్లలకు పనికొచ్చింది సుద్దముక్క ఒక్కటే.

చదరంగం నాకు నేర్పింది మా అన్న. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. నాయన పోయాక మాగాణి చూసుకుంటూ నన్ను చదివించినవాడు. ఆయనది పాత పద్ధతి ఆట. మా వైపు పెద్దవాళ్లకి గెలవడం ఒక్కటే చాలదు, దేనితో గెలిచామన్నది ముఖ్యం. మంత్రితో ఆట కడితే అదొక గెలుపు. ఏనుగుతో కడితే అదీ గెలుపే, కానీ గొప్పగా చెప్పుకోరు. బంటుతో కడితే మాత్రం ఆ వారమంతా కాఫీ హోటల్లో అదే మాట. అన్నకు ఈ బంటు పిచ్చి మరీ ఎక్కువ. చేతికందిన ఆటను కూడా బంటు కోసం గంటసేపు సాగదీసేవాడు. లోపల్నించి వదిన కేక వేసేది: "ఆ బంటుకు పెండ్లి చేసి రా! అన్నం చల్లారిపోతా ఉండాది."

ఒకసారి మద్రాసు పోయినప్పుడు పాతపుస్తకాల అంగట్లో నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. చదరంగం టోర్నమెంటు ఎట్లా జరపాలి, ఎవరికి ఎవరిని జత చెయ్యాలి, బహుమతులు ఎట్లా తేల్చాలి అన్నీ ఉన్నాయి అందులో. అది చదివాక నాకు కాలు నిలవలేదు. మా రీడింగు రూము వార్షికోత్సవానికి ఏటా అవే వ్యాసరచన పోటీలూ అవే పాటల పోటీలూ ఎందుకు, ఈసారి చదరంగం పెడదామన్నాను. కమిటీ పెద్దలు రూల్సు విని నా మీద పడ్డారు. "బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకడమేంది, అదేమన్నా కప్పా?" అన్నాడొకాయన. మూడు సాయంత్రాలు వాదించి గెలిచాను. నా చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంది, వాళ్ల చేతిలో లేదు.

వేసవి సెలవుల్లో అయిదు ఆదివారాలు, పదహారు మంది ఆటగాళ్లు, మనిషికి అయిదు ఆటలు. గెలిస్తే పాయింటు, సమానమైతే అర. ఒక వారం గెలిచినవాడికి మరుసటి వారం గెలిచినవాణ్ణే జత చెయ్యాలి. చివరికి ఇద్దరు సమానంగా నిలిస్తే ఏం చెయ్యాలో కూడా పుస్తకంలో ఉంది. ఎవరు ఎంత గట్టివాళ్లతో ఆడారో చూడాలి. ఒక్కొక్కరికి ఎదురు కూర్చున్న అయిదుగురూ మొత్తం పోటీలో తెచ్చుకున్న పాయింట్లు కూడాలి. ఎవరి కూడిక పెద్దదైతే వాళ్లదే పైచెయ్యి. గట్టివాడితో తలపడ్డవాణ్ణీ అనామకుడితో తలపడ్డవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు గదా. ఎంత చక్కటి లెక్క అని మురిసిపోయాను. పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఒక్కరూ చదవలేదు. అందరూ చదివింది దాని పక్కనున్న బహుమతుల కాగితం.

మొదటి బహుమతి వెండిపూత కప్పు. రెండోది అరబస్తా మొలగొలుకుల బియ్యం. మూడోది జరీ అంచు కండువా. బియ్యం ఆలోచన మా అధ్యక్షుడిది. ఆయనకు రైసుమిల్లు ఉంది. "ఆ కప్పు ఇంటికి తీసకపొయ్యి ఏం చేసుకుంటాడయ్యా? కాఫీకి పెద్దది, చారుకు చిన్నది. రెండోవాడన్నా కడుపునిండా తిననీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా అన్నతో కలిపి పదిహేను మంది దొరికారు. పదహారోవాడి కోసం చూస్తుండగా మొదటి ఆదివారం పొద్దున సైకిలు మీద ఒకతను వచ్చాడు. విడవలూరు దాటి, ఇసుకలో సైకిలు తోసుకుంటూ పోవాల్సిన దూరంలో, సముద్రపు ఒడ్డునే ఉన్న చేపలవాళ్ల పాలెం అతనిది. వయసు ముప్పై అయిదు ఉంటుంది. ఉప్పు కొఠారులో పనిచేసే గుమాస్తా ఒకాయన ఆట నేర్పాడట. గుమాస్తా బదిలీ అయి వెళ్లిపోయాక పాలెంలో ఎదురు కూర్చునేవాడు లేక అతను ఒక్కడే రెండువైపులా ఆడుకుంటున్నాడట.

"నేను ఆడచ్చా అయ్యోరూ?" అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

ఎవరు ఆడకూడదో నా రూల్సులో ఎక్కడా రాయలేదు. రమ్మన్నాను. అతను వచ్చి బెంచీ మీద ఒక చివర కూర్చోగానే రెండో చివర కూర్చున్న ఇద్దరు పేపరు మడిచి లేచి బయటికి పోయారు. అతను చూశాడు. నేనూ చూశాను. నేను నోరెత్తి ఏమీ అనలేదు. ఎవరి మీదైనా సరే విరుచుకుపడే నా కోపం ఆ పూట ఎక్కడికి పోయిందో తెలియదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాను.

అతను పావును ముట్టుకునేముందు చెయ్యి పంచెకు తుడుచుకునేవాడు. తొందర లేదు. ఎదుటివాడు పొరపాటు చేసినా ముఖంలో సంతోషం కనిపించనిచ్చేవాడు కాదు. మొదటి మూడు ఆదివారాల్లో ముగ్గురు రైతుల్ని వరసగా ఓడించాడు. ఆ ముగ్గురివీ మా కాలవ చివరి పొలాలు. మూడో ఆట అయ్యేసరికి బెంచీ మీద అతని పక్కన చోటు కోసం జనం తోసుకుంటున్నారు.

ఇక్కడ నీళ్ల సంగతి చెప్పాలి. ఆ ఏడు ఎడగారుకు, అంటే వేసవిలో వేసే రెండో పంటకు, కాలవలో నీళ్లు వదులుతారో లేదో తెలియక రైతులందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందుకే నా పోటీకి పదహారు మంది దొరికారు. మూడో ఆదివారం అయిన రెండు రోజులకు నీళ్లు వచ్చాయి. నీళ్లొచ్చాక రైతుకు చదరంగమేమిటి? కాలవ చివర పొలం ఉన్నవాడికైతే మరీనూ. పైవాళ్లు కట్టేసుకోకుండా పగలూ రాత్రీ గట్టు మీద కాచుకుని ఉంటేగాని అతని మడిలోకి నీళ్లు పారవు. పాలెం అతను ఓడించిన ముగ్గురూ ఇక రాలేదు. నేను వాళ్ల పేర్ల ఎదుట నాలుగో వారం సున్నా, అయిదో వారం సున్నా వేసుకుంటూ పోయాను. మా అన్న పొలానికీ నీళ్లొచ్చాయి. కానీ ఆయనది కాలవ మొదట్లో పొలం, పైగా ఇంట్లో పాలేరు ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి కాళ్లు కడుక్కుని తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

నాలుగో వారం అన్నకూ పాలెం అతనికీ జత పడింది. ఇద్దరూ అప్పటికి మూడు మూడు గెలిచి ఉన్నారు. అన్న పావులు ఎక్కువ మిగుల్చుకుని పూర్తిగా పైచేయి సాధించాడు. ఏనుగుతో కట్టేస్తే అయిపోయేది. పక్కన నిలబడ్డ నాకే కనబడుతోంది. కానీ ఆయన చెయ్యి ఏనుగు మీదికి పోదే! బంటును ఒక గడి జరిపి మీసం దువ్వుకున్నాడు. పాలెం అతను చాలాసేపు బల్ల వైపు చూసి నెమ్మదిగా తలెత్తాడు.

"అయ్యోరూ, నా రాజుకు చెక్ లేదు. కదిలేదానికి గడీ లేదు" అన్నాడు.

పాత పద్ధతిలో అయితే ఎదుటివాణ్ణి అట్లా ఊపిరాడకుండా బిగించకూడదు, ఎత్తు మార్చుకోవాలి. కొత్త రూలు ప్రకారం అది సమానం. అన్న నా వైపు చూశాడు. "డ్రా" అన్నాను. ఆ వారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. నాకు చెప్పాల్సినవి వదినకు చెప్పేవాడు, నేను ఎదురుగా ఉన్నా సరే.

అయిదో వారం ఇద్దరూ గెలిచారు. ఇద్దరికీ నాలుగున్నర. గోడ మీది రూలు అప్పుడు పనిలోకి వచ్చింది. అన్నకు ఎదురు కూర్చున్నవాళ్ల పాయింట్లు కూడితే పదిహేనున్నర వచ్చింది. పాలెం అతనివి పన్నెండున్నర. మూడుసార్లు కూడాను. మూడోసారి కూడేటప్పుడు ఆ సున్నాలు నా కంటికి ఆనాయి. ముగ్గురు మనుషులు, తలా రెండు ఆటలు, మొత్తం ఆరు సున్నాలు. వాళ్లు ఆడి ఉంటే ఎన్ని తెచ్చుకునేవాళ్లో ఎవరికీ తెలియదు. ఆటలో గట్టివాళ్లు కాక కాదు, వాళ్ల సున్నాలన్నీ గట్టు మీద కాపలా ఉన్నందుకు వచ్చినవి.

ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి అయింది నా పని. గోడకు అంటించిన రూలును చివరి రోజున చింపేస్తే ఎవరు మెచ్చుకుంటారు? చింపకపోతే తమ్ముడు అన్నకు కప్పు ఇచ్చుకున్నాడంటారు. మళ్లీ ఆట పెడదామా అంటే మర్నాడే సభ, నెల్లూరు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు. అధ్యక్షుణ్ణి అడిగితే, "లెక్క తేలిందా? తేలింది గదా! ఇంకేంది?" అన్నాడు. ఇవన్నీ సాకులే. అసలు సంగతి, ఆ లెక్క మీద నాకు మోజు. అది తప్పని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

సభలో బహుమతులు కిందినుంచి పైకి ఇచ్చారు. కండువా తీసుకున్నవాడు కప్పుకుని పోయాడు. రెండో బహుమతిని చేత్తో అందించే వీల్లేదు గనక ఇద్దరు మనుషులు మూటను వేదిక మీదికి ఎక్కించారు. పెద్దమనిషి దాని మీద చెయ్యి వేసి ఆశీర్వదించినట్టుగా నిలబడ్డాడు. జనం చప్పట్లతో పాటు ఈలలు కూడా వేశారు. పాలెం అతను మూట పక్కన నిలబడి నా వైపు తిరిగాడు.

"అయ్యోరూ, నేను ఎవురి చేతిలో ఓడినాను?"

అడిగిన తీరులో తగువు లేదు. తెలుసుకుందామనే అడిగాడు. నేను బ్లాక్‌బోర్డు తెప్పించి రెండు కూడికలూ వేసి చూపించాను. అతను ఒక్కొక్క అంకె చూసి తలూపాడు. తరవాత అన్న కప్పు తీసుకున్నాడు. పాలెం అతను మూటను సైకిలు వెనక కట్టుకుని, సభ ముగియకముందే వెళ్లిపోయాడు.

పదిహేను రోజుల తరవాత ఒక పొద్దున అదే సైకిలు, దాని మీద అదే మూట మా ఇంటి ముందుకు వచ్చాయి. మూతి కుట్టు విప్పలేదు.

"ఇది మీరే పెట్టుకోండి అయ్యోరూ" అన్నాడు.

"ఏం, పురుగు పట్టిందా?"

"నాకే పట్టింది. పాలెంలో అందరూ ఎవురి చేతిలో ఓడినావురా అని అడగతా ఉండారు. ఎవురి పేరు చెప్పేది? ఎవురి చేతిలోనూ ఓడలేదంటే, మరి రెండోవాడివి ఎట్టా అయినావంటారు. అన్నకు తమ్ముడు కప్పు ఇచ్చుకోవాల, అడ్డం లేకుండా ఈడికి బియ్యం పడేసినారంట. ఆటను అమ్ముకోని వచ్చినానంట."

నాకు ఒళ్లు మండింది. "అనేవాళ్ల నోళ్లకు తాళం వెయ్యగలమా? పట్టించుకోవద్దు" అన్నాను.

"పట్టించుకోకుండా ఎట్టా? పెద్ద వలలో పడిన చేపను వాటాలు ఏసేది ఇన్నాళ్లూ నేనే. ఇరవైమంది లాగిన వల అయ్యోరూ అది. పంచేవాడి మీద నమ్మకం లేకపోతే ఆ చేప ఎవురికీ సయించదు. పదైదు దినాలుగా నన్ను పక్కన నిలబడమంటుండారు. నా పెండ్లాం మూట విప్పనంటది. మా అమ్మ ఆ బియ్యం ఇంట్లో ఉడికితే తాను పస్తుంటానంటది."

చెప్తూనే మూటకు కట్టిన తాడు విప్పబోయాడు.

"నా లెక్కలో తప్పు లేదు. నేనే వచ్చి మీవాళ్లకు చెప్తాను, పద" అన్నాను చొక్కా తొడుక్కుంటూ. మంచం మీద పడుకుని అంతా విన్న మా అన్న లేచాడు. "ఏం లెక్కరా అది? నాకు చెప్పు ముందు" అన్నాడు. చెప్పాను. "వాళ్లెవురో నీళ్లు పెట్టుకోను పోతే నేను గెలిచినట్టు ఎట్టా అవుతుంది?" అన్నాడు. ఆయన లోపలికి పోయి కప్పును గుడ్డసంచిలో వేసుకుని వచ్చాడు. "నేనూ వస్తా" అన్నాడు.

ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న జనం మమ్మల్ని చూసి చుట్టూ చేరారు. నేను బొగ్గుముక్క అడిగి తీసుకుని, బోర్లించిన పడవ పక్కమీద రెండు కూడికలు వేశాను. తరగతిలో చెప్పినట్టే నిదానంగా చెప్పాను. మీవాడు ఓడించినవాళ్లు తరవాత ఆడలేదు, అందుకని వాళ్ల పాయింట్లు తగ్గాయి, అందుకని మీవాడి కూడిక తగ్గింది. అందరూ చక్కగా విన్నారు. అతని తల్లి, చేపల గంపలు మోసి మోసి నడుం వంగిన ముసలమ్మ, ముందుకు వచ్చింది.

"అయ్యోరూ, నేను చేప అమ్ముతా. కొన్నామె దాన్ని వండుకోకుండా చేనికాడికి పొయ్యింది. అప్పుడు నా చేప చెడ్డదయినట్టా?"

జనం గొల్లుమన్నారు. నాకు కోపం నెత్తికెక్కింది. బొగ్గుముక్కతో మళ్లీ పడవ వైపు తిరిగి ఆ కూడికలు చూసుకున్నాను. పదేళ్లుగా సుద్దముక్క పట్టుకుని ఎందరి నోళ్లో మూయించాను, నన్ను మాత్రం ఎవరూ అట్లా నిలబెట్టలేదు. ఆడి ఓడినవాడి సున్నానూ ఆడకుండా పోయినవాడి సున్నానూ ఒకే గంపలో పోసి తూచానని నాకప్పుడు తెలిసింది.

"తప్పు నాదేనమ్మా. నీళ్లొస్తే వాళ్లు పోతారన్న ఆలోచన నాకు లేకపోయింది. మీవాడు ఏమీ అమ్ముకోలేదు. ఎవరి చేతిలోనూ ఓడలేదు" అన్నాను. ఆ మాట అంతమందిలో అనడానికి నాకు చాలా కష్టమైంది. అన్నాక తేలికపడ్డాను కూడా.

పాలెం పెద్ద ఒకాయన గడ్డం గోక్కుంటూ అన్నాడు: "సరే. ఓడకపోతే కప్పు ఆయన దగ్గిర ఎందుకుండాది? ఓడుంటే ఎప్పుడు ఓడినాడు? మేము చూడలా."

కప్పు ఇద్దరికీ చెరో ఆర్నెల్లు అన్నాను. పాలెం అతను తల అడ్డంగా ఊపాడు. "అట్టా వద్దు. ఇచ్చిందానికీ పుచ్చుకున్నదానికీ మళ్లా అదే మాట అంటారు. అన్నా, మీకు తీరికుంటే ఆడదాం" అన్నాడు మా అన్నతో.

"బల్ల తీసుకురా" అన్నాడు అన్న.

బల్ల అంటే ఉప్పు కొఠారు గుమాస్తా ఇచ్చి పోయిన చెక్కపలక. పావుల్లో నాలుగు బంటులు పోతే వాటి బదులు గవ్వలు పెట్టుకున్నారు. అన్న సంచిలోనుంచి కప్పు తీసి పలక పక్కన ఇసుకలో నిలబెట్టాడు. అతను బియ్యం మూట తెచ్చి రెండో పక్కన పెట్టాడు. పాలెమంతా కూర్చుంది. వాళ్లలో ఆట తెలిసినవాళ్లు లేరు. ఓడినట్టు ఎట్లా తెలుస్తుందని అడిగితే, రాజు చిక్కితే ఓడినట్టని చెప్పాను. అది చాలన్నారు.

రెండు గంటల పైన పట్టింది. మొదట పాలెం అతనిదే పైచేయి. అన్న గుర్రం ఒకటి పోయింది, మీసం మీదికి చెయ్యి పోవడం మానేసింది. మధ్యలో అతను ఆశపడి మంత్రిని దూరం తీసుకుపోయాడు. అక్కణ్ణించి ఆట మెల్లగా అన్న వైపు ఒరిగింది. ఎండ పడవ నీడలోకి కూడా వచ్చింది, ఎవరూ లేవలేదు. చివరికి పాలెం అతని రాజు ఒక మూలకు చేరాడు. నాకు అన్న బంటు కనపడింది, నిజానికి గవ్వ. ఇంకో రెండు ఎత్తులు ఓపిక పడితే దానితోనే కట్టొచ్చు. అన్నకు కనపడకుండా ఉంటుందా? ఆయన దాని వైపు చూశాడు. ఆయన ఏనుగును ఎత్తి పెట్టాడు. "కట్టు" అన్నాడు చిన్నగా.

పాలెం అతను నమ్మలేదు. ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. ఎక్కడా దారి లేదు. అప్పుడు లేచి నిలబడ్డాడు.

"ఓడినాను" అన్నాడు గట్టిగా, తనవాళ్లందరికీ వినపడేట్టు. "చూసినారు గదా? రాజు ఈడ చిక్కినాడు. ఈయన చేతిలో ఓడినాను. ఆ దినం ఓడలేదు, ఈ దినం ఓడినాను!"

అతనికి గెలవాలని ఉండింది. ఆ దిగులు ముఖంలో దాగలేదు. అయినా ఆ ముఖంలో కనిపించినంత నెమ్మది నేను కప్పు గెలిచినవాళ్లలో కూడా చూడలేదు. ఇసుకలోంచి కప్పు తీసి పంచెతో తుడిచి రెండు చేతులతో అన్నకు అందించాడు. అన్న రెండు చేతులతో తీసుకున్నాడు. పాలెం పెద్ద లేచి పంచె దులుపుకుని, "రేయ్, రేపు తెల్లారి వల తీసేటప్పుడు నువ్వే పంచాల. ఆలీసం చెయ్యబాక" అని తన దారిన పోయాడు.

అతని భార్య చేపలు కోసే కత్తి తెచ్చి మూట కుట్టు తెంపింది. మమ్మల్ని కదలనివ్వలేదు. మేము కాళ్లు కడుక్కుంటుంటే అన్న నా చెవిలో అన్నాడు: "ఆట వదిలేద్దామని రెండుసార్లు అనిపించిందిరా. వదిలుంటే ఈసారి అమ్ముకున్నవాణ్ణి నేనయ్యేవాణ్ణి." నేను తల ఊపాను. పోటీ పెట్టింది నేను, పుస్తకం నాది, బహుమతి ఎట్లా ఇవ్వాలో వాళ్లిద్దరికీ తెలిసినంత నాకు తెలియలేదు.

ముసలమ్మ మా ముందు ఆకులు వేసి పొగలు కక్కే అన్నం, మామిడికాయ వేసి వండిన చేపల పులుసు వడ్డించింది. కొడుకును కూడా మా వరసలోనే కూర్చోబెట్టింది. నేను మొహమాటపడుతూ ముద్ద కలుపుతుంటే నా ముందుకు వంగింది.

"తిను అయ్యోరూ. అమ్ముకోని తెచ్చినయి కాదు. నా కొడుకు ఓడి తెచ్చుకున్న బియ్యం."

నేను మారు వడ్డించుకున్నాను.